కనిగిరి మెట్టలో ఎర్ర బోరింగు



ఒంగోలులో బస్సెక్కి చీమకుర్తి దాటి, పొదిలి మీదుగా కనిగిరి వైపు వెళ్లే దారి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. చీమకుర్తి దగ్గర గెలాక్సీ గ్రానైటు గనుల్లో పనికిరాని రాళ్లు కొండల్లా పేరుకొని ఉంటాయి. అది దాటాక ఎర్రనేలలు, చిల్లచెట్లు, అక్కడక్కడ పొగాకు బ్యారన్లు, కంది చేలు. ఎండాకాలం మధ్యాహ్నం బస్సు కిటికీ ఊచ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. పాత ప్రకాశం జిల్లా పడమటి మెట్ట అంటే ఇదే. 2008లో వేదాంత డిప్లొమా చేత పట్టుకొని, పెళ్లయిన క్రొత్తలో, ఒక ట్రంకుపెట్టె, రెండు పరుపుచుట్టలతో నేనూ నా భార్యా ప్రయాణం చేసింది ఈ దారిలోనే. అప్పుడు నాకు ముప్ఫై ఏళ్లు. ఆ మెట్టలో ఒక పల్లెలో ఐదేళ్లు పరిచర్య చేశాను. ఊరి పేరు వ్రాయడం లేదు. ఆ ఊరిలో పెళ్లీడుకు వచ్చిన ఆడపిల్లలున్నారు గనుక వ్రాయడం లేదు. సంగతి ముందుకు వెళ్లేకొలది మీకే అర్థమవుతుంది.

2024 ఫిబ్రవరిలో ఒక పెళ్లికి పిలిస్తే మళ్లీ వెళ్లాను. ముహూర్తానికి ఇంకా రెండు గంటలు ఉన్నది గదా అని మందిరము దగ్గరకు నడిచాను. మందిరము ముందున్న చేతిపంపు దగ్గర పదిమంది పిల్లలు గుమిగూడి ఉన్నారు. మన వైపు దానిని బోరింగు అంటాము. ఒకడు పంపు కొడుతున్నాడు. ఒక పొడుగు పిల్ల చిన్న గాజు గొట్టము పట్టుకొని, ఆ నీళ్లతోనే కడుగుతూ, "ఒకటి, రెండు, మూడు" అని పైకి లెక్కపెడుతోంది. ప్రక్కన వారి టీచరమ్మ, డ్వాక్రా సంఘము స్త్రీలు ఇద్దరు ఉన్నారు. ఆ ఇద్దరిలో ఒకామె నేను బాప్తిస్మమిచ్చిన బిడ్డ. "వందనాలు అయ్యగారూ" అని నవ్వబోయి, అలవాటుగా పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పిల్లలు మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల వారు. మూడు, నాలుగు, ఐదు తరగతులు. పరిసరాల విజ్ఞానం పుస్తకంలో నీటి పాఠము వచ్చినప్పుడు టీచరమ్మ పుస్తకము మూసి, "మన ఊళ్లో నీళ్లు ఎన్ని చోట్ల దొరుకుతాయో చూచి రండి" అని పంపిందట. వారు చూచి వచ్చి, బోరింగులు, కుళాయిలు, పాడుబడిన దిగుడుబావి, నీళ్ల ప్లాంటు, చెరువు అన్నీ కలిపి ఒక అట్టమీద ఊరి పటము గీశారు. తరువాత వచ్చిన ప్రశ్న చిన్నదే. వీటిలో త్రాగదగినవి ఏవి? ఆ ప్రశ్న దగ్గరే పుస్తకములో నుండి బయటకు రావలసి వచ్చింది. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ క్రింద ఊరికి ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్ష నేర్పి, ఒక పెట్టె ఇచ్చే ఏర్పాటు ఉన్నది. మన డ్వాక్రా చెల్లెళ్లిద్దరూ ఆ శిక్షణ పొందినవారే. పెట్టె వారి ఇంట్లో అటక మీద ఉంటే, టీచరమ్మ వెళ్లి దించమని అడిగింది. అలా కలిశారు వీరందరూ.

నేను నిలబడి చూచిన పరీక్ష ఇది. గాజు గొట్టమును పరీక్షించబోయే నీళ్లతోనే మూడుసార్లు కడిగి, గీత వరకు నింపుతారు. సీసాలోని ద్రావణము చెప్పినన్ని చుక్కలు వేసి కలుపుతారు. కొద్ది నిమిషాలు ఆగి, రంగుల పట్టీ ప్రక్కన పెట్టి చూస్తారు. ఫ్లోరైడ్ లేని నీరైతే గులాబీ రంగు నిలుస్తుంది. ఫ్లోరైడ్ ఉన్నకొద్దీ గులాబీ విరిగి నారింజవైపు, చివరకు పసుపువైపు తిరుగుతుంది. మందిరము బోరింగు నీళ్లు పసుపు రంగుకు తిరిగాయి. పిల్ల పట్టీని కన్ను దగ్గర పెట్టుకొని చూచి, "ఒకటిన్నర దాటింది టీచర్" అన్నది. నోటు పుస్తకములో వ్రాసుకున్నారు. రెండోసారి చేశారు, మూడోసారి చేశారు. మూడుసార్లూ పసుపే.

చదువరులారా, ఆ బోరింగు వేయించింది నేను.

ఆ కథ కొంచెము వెనక నుండి చెప్పాలి. ఈ మెట్టలో పల్లె వేరు, ఊరు వేరు. మా పల్లె పెద్దలు చిన్నతనములో ఊరి బావి గట్టు ఎక్కినవారు కారు. బావికి దూరముగా కుండ పెట్టి, ఎవరైనా దయతలచి పోస్తే తెచ్చుకున్నవారు. పంతొమ్మిదో శతాబ్దములో అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు ఈ ప్రాంతానికి వచ్చిన నాటినుండి మన పల్లెల కథలో నీళ్లు ఉంటూనే ఉన్నాయి. 1876-78 కరువులో ఒంగోలు క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో కొంత భాగము కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవారికి పని కల్పించిన సంగతి మనము పెద్దల నోట వినియున్నాము. అట్టి పల్లెలో, 2009లో, ఒక దాత ధనసహాయముతో మందిరము ముందు బోరు వేయించాము. రెండువందల అడుగులు వెళ్లింది. నీళ్లు పడగానే ఆడవారు ఏడ్చారు. నేను దోసిలి పట్టి త్రాగి చూచాను, కొబ్బరినీళ్లలా ఉన్నాయి. ప్రార్థన చేసి ప్రతిష్ఠించాను. నాపరాయి పలక మీద దాత పేరు, తేదీ, నా పేరు చెక్కించాము. ఆ నీళ్లు ఒక సీసాలో పట్టి పరీక్షకు పంపాలన్న తలంపు నాకు గాని, బోరు వేసినవారికి గాని, పెద్దలకు గాని రాలేదు. నీటి పరీక్షశాలలు అప్పటికే ఉన్నాయి. బస్సు ఛార్జీ తప్ప పెద్ద ఖర్చు కూడా కాదు. మారా నీళ్లు చేదని ఇశ్రాయేలీయుల నాలుకే చెప్పింది. ఫ్లోరైడ్‌కు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. నేను నా నాలుకను నమ్మాను.

ఈ మాట నేను తెలియదని తప్పించుకోవడానికి కూడా వీలు లేదు. ఎందుకంటే మన దేశములో ఈ ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు మొట్టమొదట గుర్తించి వ్రాసినది ఈ నేలమీదే. అప్పుడు ఇది మద్రాసు రాష్ట్రములోని నెల్లూరు జిల్లా. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన తోటివారు ఇక్కడి మనుష్యుల ఎముకలను, నీళ్లను పరీక్షించి వైద్య పత్రికలలో ప్రకటించారు. అంతకు కొద్ది ఏళ్ల ముందే రైతులు తమ ఎద్దులు కీళ్లు పట్టి నడవలేకపోవడము గమనించారని చెబుతారు. అంటే డాక్టరుకన్నా ముందు రైతు, మనిషికన్నా ముందు ఎద్దు. నేను పుట్టకముందు నలభై ఏళ్ల నాటి సంగతి ఇది. అయినా 2009లో నేను నీళ్లు రుచి చూచి స్తోత్రము చెప్పాను.

ఇది ఎక్కడినుండి వస్తుందో పిల్లలకు బోరు మేస్త్రీ చెప్పాడట. పాఠశాలకు వచ్చి చెప్పినవారందరిలో పిల్లలకు బాగా నచ్చినవాడు ఆయనే. ఊళ్లో ఏ బోరు ఎన్ని అడుగులో, ఎక్కడ రాయి తగిలిందో ఆయనకు నోటికి వచ్చు. పిల్లలు ఆయన చెప్పిన లోతులను పటము మీద వ్రాసుకొని, ప్రక్కనే పరీక్ష రంగులు వేశారు. లోతు ఎక్కువైన బోర్లలో చాలామటుకు పసుపు. పాడుబడిన దిగుడుబావి అడుగున ఉన్న కాసిన్ని నీళ్లలో మాత్రము ఫ్లోరైడ్ తక్కువ. భూమిలోపలి గట్టిరాతిలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉంటాయి. వాన నీరు పైపైన ఉన్నంతకాలము ఫరవాలేదు. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలవ ఉన్న నీరు ఆ రాతిని కరిగించుకుంటుంది. నీటిలో సున్నపు పాలు తక్కువగా ఉంటే మరీ ఎక్కువ కరుగుతుంది. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ, పై నీరు ఎండిపోగా మనము ఇంకా లోతుకు దిగుతున్నాము. దిగినకొద్దీ పాత నీరు.

లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు, అదీ హద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ అదే. మన దేశపు ప్రమాణము ఒక మిల్లీగ్రాము లోపు ఉండుట మంచిదనీ, వేరే నీరు దొరకనప్పుడు మాత్రమే ఒకటిన్నర వరకు సరేననీ అంటుంది. ఆవగింజ ఎత్తు కూడా తూగని ఆ కొంచెమే ఏళ్ల తరబడి లోపలికి పోతే పళ్లు, ఎముకలు రెండూ చెడతాయి. పళ్ల సంగతి తల్లులు ముఖ్యముగా తెలుసుకోవాలి. పంటి పైపొర చిగురు లోపల తయారయ్యేది పుట్టినది మొదలు సుమారు ఎనిమిదేళ్ల వయసు వరకు. ఆ కాలములో త్రాగిన నీళ్లు పంటి మీద వ్రాయబడతాయి. మొదట తెల్లని సుద్ద గీతలు, తరువాత గోధుమ రంగు మచ్చలు. ఎనిమిదేళ్ల తరువాత ఎంత మంచి నీరు ఇచ్చినా ఆ పళ్లు తిరిగి తెల్లబడవు. ఎముకలకు ఇంకా ఎక్కువ కాలము పడుతుంది. నడుము వంగక, మెడ తిరగక, కూర్చుంటే లేవలేని పెద్దవారిని ఈ మెట్టలో చూచినవారికి నేను వర్ణించనక్కరలేదు. నీళ్లు కాచితే పోతుందని కొందరు అనుకుంటారు. కాచితే నీరు ఆవిరైపోయి ఫ్లోరైడ్ మరింత చిక్కబడుతుంది తప్ప పోదు.

పెళ్లికి వెళ్లాను గాని నా మనస్సు బోరింగు దగ్గరే ఉంది. భోజనము దగ్గర నీళ్లు వడ్డించిన పిల్లకు పదిహేడేళ్లుంటాయి. ప్రతిష్ఠ రోజున తల్లి చంకలో ఉన్న పిల్ల. నన్ను గుర్తుపట్టి నవ్వింది, వెంటనే పెదవులు మూసుకుంది. ఆ పళ్ల మీద మచ్చలు ఒక్క మందిరము బోరింగువల్లనే వచ్చాయని నేను చెప్పలేను. ఊళ్లో అంతకుముందు ఉన్న బోర్లలో కూడా పసుపే కదా. కాని ఐదేళ్లు ప్రతి ఆదివారము నేను ఆ నీళ్లు పొగిడాను.

ఆ సాయంత్రము బస్సెక్కలేదు. టీచరమ్మ దగ్గరకు వెళ్లి అన్నీ అడిగి తెలుసుకున్నాను. ఆమె ముందుగానే పెట్టుకున్న ఒక నియమము నాకు గౌరవము కలిగించింది. పిల్లలు ఊరంతా నీళ్లు పరీక్ష చేయవచ్చు గాని, ఎవరి పళ్లూ లెక్కపెట్టకూడదు. "పళ్లు లెక్కపెడితే లెక్క బాగానే వస్తుంది సార్. మరునాడు ఆ పిల్ల బడికి రాదు" అన్నది. నీళ్లకు సిగ్గు లేదు గనుక నీళ్లనే అడుగుతారు.

పొరపాట్లు కూడా దాచలేదు. మొదటి వారము వచ్చిన ఫలితాలన్నీ తప్పట. పిల్లలు అన్ని గొట్టములనూ బడి కుళాయి నీళ్లతో కడిగి, తడి అలాగే ఉండగా వేరే నీళ్లు పోశారు. ఒకడు చుక్కలు పెద్దవి వేశాడు, ఒకడు చిన్నవి. నీడలో చూస్తే ఒక రంగు, ఎండలో చూస్తే ఒక రంగు. అన్నీ కొట్టివేసి మళ్లీ చేయించింది. అందుకే ఆ పొడుగు పిల్ల "ఒకటి, రెండు, మూడు" అని పైకి లెక్కపెట్టడము. పెట్టె చెప్పేది అంచనా మాత్రమే గనుక, పసుపు వచ్చిన చోట్ల నీళ్లను సీసాలలో పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ పరీక్షశాలకు పంపారు. కాగితము తిరిగి వచ్చింది. మందిరము బోరింగులో ఫ్లోరైడ్ హద్దుకు రెండింతలకు పైన ఉన్నది.

పిల్లలు కనిపెట్టినదానిలో పెద్దవారెవ్వరికీ తట్టనిది ఒకటి ఉన్నది. ఊరి మొదట్లో నీళ్ల ప్లాంటు ఉంది, క్యాను డబ్బులిచ్చి తెచ్చుకుంటారు. ఆ క్యాను నీళ్లు పరీక్షిస్తే గులాబీ రంగు బాగానే నిలిచింది. అందరూ సంతోషించారు. మూడో తరగతి చిన్నవాడొకడు, ముక్కు చీదుకుంటూ, "మరి తీసేసిన ఫ్లోరైడ్ ఎక్కడికి పోయింది టీచర్?" అన్నాడు. వెళ్లి చూచారు. యంత్రము మంచినీరు ఒకవైపు ఇచ్చి, మిగిలిన నీటిని, అంటే ఉప్పు, ఫ్లోరైడ్ అంతా చిక్కబడిన నీటిని, గొట్టము ద్వారా వెనుక గుంటలోకి వదులుతోంది. ఆ నీరు పట్టి చుక్కలు వేస్తే గులాబీ జాడ కూడా లేదు, నిమ్మపండు రంగు. ఆ గుంటలో ఊరి గేదెలు నీళ్లు త్రాగుతున్నాయి, పడుకుంటున్నాయి. షార్ట్ గారి కాలములో ఎద్దుల సంగతి చదివిన నాకు ఒళ్లు జలదరించింది. ప్లాంటు నడిపే అతను మంచివాడే. "నాకు తెలియదు, గుంట చుట్టూ కంప వేయిస్తా" అన్నాడు, వేయించాడు. నీళ్లు మాత్రము ఇంకా ఆ గుంటలోకే పోతున్నాయి. వాటిని ఏమి చేయాలో ఇంజనీరుగారు కూడా ఇంకా చెప్పలేదు.

ఒక ప్రక్కమాట. ఇంత చిన్నవారి లెక్కలను ఎవరు నమ్ముతారు అని మన పెద్దలలో ఒకరు నన్ను అడిగారు. ఇంగ్లండులో డెవన్ ప్రాంతములో బ్లాకాటన్ అనే చిన్న ఊరున్నది. అక్కడి ప్రాథమిక పాఠశాలలో ఎనిమిది నుండి పదేళ్ల లోపు పిల్లలు ఇరవైఐదుగురు, ఒక శాస్త్రవేత్త తోడుగా, తుమ్మెదలు పువ్వులను రంగును బట్టి, అవి ఉన్న చోటును బట్టి ఎలా ఎంచుకుంటాయో పరీక్షించారు. వారు పరీక్షలు చేసినది ఆ ఊరి పాతకాలపు చర్చిలో. 2010 డిసెంబరులో రాయల్ సొసైటీ వారి శాస్త్ర పత్రిక దానిని అచ్చు వేసింది. బొమ్మలు పిల్లలు రంగు పెన్సిళ్లతో వేసినవే. చర్చి గోడల మధ్య తుమ్మెదలు ఎగరగా లేనిది, మన మందిరము ముందు గాజు గొట్టము పట్టుకుంటే తప్పా అని చెప్పాను. ఆ పెద్దాయన నవ్వి ఊరుకున్నాడు.

అయితే పల్లెలో అందరూ నవ్వలేదు. ఏప్రిల్‌లో సంఘ పెద్దలు నన్ను పిలిపించారు. ఇప్పుడున్న కాపరి నాకంటే చిన్నవాడు. బోరింగు వేయించినవారే వచ్చి మాట్లాడితే బాగుంటుందని ఆయన కోరాడు. ఆరాధన తరువాత టీచరమ్మ, డ్వాక్రా స్త్రీలు, పిల్లలు పటము తెచ్చి గోడకు తగిలించారు. ఐదో తరగతి పిల్ల కర్రతో చూపిస్తూ చదివింది. ఎర్రచుక్క ఉన్న బోర్ల నీళ్లు త్రాగడానికి, వంటకు వాడకూడదు. గిన్నెలు తోముకోవచ్చు, బట్టలు ఉతుక్కోవచ్చు, స్నానము చేయవచ్చు. పంపుకు ఎర్రరంగు పూయాలి, ఎవరికీ సందేహము లేకుండా.

ఎర్రరంగు అనగానే వెనుక నుండి ఒక అవ్వ లేచింది. డెబ్బై దాటిన మనిషి, కర్ర లేకుండా నడవలేదు. "అయ్యగారూ, ఊరి బావి కాడ కుండ పెట్టుకొని పొద్దంతా నిలబడ్డ చేతులివి. మన పల్లెకు మన నీళ్లు వచ్చింది ఈ బోరింగుతో. దీనికి ఎర్రరంగు పూస్తే ఊళ్లోవాళ్లు ఏమంటారు? పల్లె నీళ్లు పనికిరానివి అనరా?" అన్నది. ఎవరూ మాట్లాడలేదు. నాకు జవాబు రాలేదు. నిజము చెప్పాలంటే నా ముందు ఉన్న నాపరాయి పలకమీద నా పేరే కనబడుతోంది.

జవాబు పటములో ఉన్నది. టీచరమ్మ ఒక పిల్లవాడిని పిలిచి, ఊళ్లోని బోర్ల రంగులు చదవమన్నది. ఊళ్లోనూ ఎర్రచుక్కలే. రచ్చబండ దగ్గరి బోరు మన బోరింగుకన్నా అధ్వాన్నము. భూమి లోపలి రాయికి పల్లె తెలియదు, ఊరు తెలియదు. అవ్వ దగ్గరకు వచ్చి కళ్లు చిట్లించి ఆ చుక్కను వ్రేలితో తడిమి చూచింది. "వాళ్లదానికీ పూస్తారా?" అని అడిగింది. పూస్తాము అన్నాడు సర్పంచి తరఫున వచ్చిన వార్డు మెంబరు. "అట్లయితే పూయండి" అని కూర్చుంది.

పటము ఇంకొక సంగతి కూడా బయటపెట్టింది, అది అంత తేలికగా తేలలేదు. దూరపు చెరువు నుండి గొట్టముల ద్వారా వచ్చే కుళాయి నీరు ఊరికి మంచిదే, పరీక్షలో గులాబీయే. పిల్లలు ప్రతి కుళాయి దగ్గర బిందె నిండటానికి ఎంతసేపు పడుతుందో గడియారము పెట్టి వ్రాసుకున్నారు. ఊళ్లో నిమిషాలలో నిండే బిందె, పల్లె చివరి కుళాయిల దగ్గర ధార సన్నబడి గంటకు చేరువ అవుతుంది. కొన్ని కుళాయిలకు అసలు రావడము లేదు. కావాలని చేసినది కాదు, పల్లె గొట్టము చివరన ఉన్నది, ఎత్తులో ఉన్నది. కాని ఆ నీళ్లు రాకనే పల్లె వారు మందిరము బోరింగును నమ్ముకున్నారు. పిల్లలు ఆ నిమిషాల పట్టికతో అర్జీ వ్రాసి, సంతకాలు పెట్టి గ్రామ సచివాలయములో ఇచ్చారు. ఇంజనీరుగారు వచ్చి చూచి వెళ్లారు. వాల్వు ఒకటి మార్చారు, ధార కొంత పెరిగింది. క్రొత్త గొట్టము వేస్తామన్నారు. 1996లో పునాదిరాయి పడిన వెలిగొండ ప్రాజెక్టు మాటలు వింటూ ముసలివారైన ప్రజలు వీరు. వేస్తామన్న మాట విని తల ఊపారు.

ఈలోగా ఏమి త్రాగాలి? పటిక, సున్నము, బ్లీచింగు కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపే పద్ధతి ఒకటున్నది. నాగపూరు నీరీ సంస్థవారు 1970లలో రూపొందించినది, నల్గొండ పద్ధతి అంటారు. బడిలో బకెట్టుతో చేసి చూచారు. పని చేస్తుంది గాని, ప్రతి రోజూ కొలత తప్పకుండా కలపాలి, తేర్చాలి, అడుగు మడ్డిని పారవేయాలి. కూలికి పోయే ఇల్లాలికి అది సాగే పని కాదు. చింతపండు సంగతి కూడా వచ్చింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు చింతపండు తిన్న పిల్లల మూత్రములో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటకు పోవడము గమనించారు. పులుసు మంచిదే, పాలు, ఆకుకూరలు మంచివే. అంతమాత్రాన పసుపు నీళ్లు త్రాగవచ్చునని ఎవరూ అనుకోవద్దు.

మిగిలినది వాన. వాన నీళ్లు పట్టి చుక్కలు వేస్తే గొట్టములో గులాబీ రంగు చూడముచ్చటగా ఉన్నది. మందిరము కప్పు స్లాబు. పిల్లలు టేపు పట్టి కొలిచారు. పొడవు ముప్ఫై అడుగులు, వెడల్పు ఇరవై. సుమారు 56 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఆ లెక్క ప్రకారము ఏడాదికి 600 మిల్లీమీటర్లు కురిస్తే, ఒలికినదీ ఆవిరైనదీ పోను, ముప్ఫై వేల లీటర్లు అనుకోవచ్చు. నల్లబల్ల మీద ఆ అంకె చూచి పెద్దలు సంబరపడ్డారు. "మూడువందల అరవైఐదుతో భాగించండి" అన్నది టీచరమ్మ. రోజుకు ఎనభై లీటర్లు కొంచెము పైన. ఇంటికి త్రాగడానికి, వంటకు కలిపి ఇరవై అనుకున్నా నాలుగిళ్లకు సరి. పల్లెలో ఇళ్లు నలభై పైన.

ఎవరికి ఇవ్వాలి అన్నది సంఘములో రెండు ఆదివారములు నడిచింది. చందా ఎక్కువ ఇచ్చినవారికని ఒకరు, చీట్లు వేయమని ఒకరు. ఇంటికి చెంబెడు చొప్పున అందరికీ పంచమని ఎక్కువమంది. ఎవరికీ చాలకపోయినా తగవు ఉండదని. నేను సంఘ కాపరిని కాను గనుక మాట్లాడలేదు. ఆఖరుకు ఆ డ్వాక్రా చెల్లెలు, నవ్వితే పైటచెంగు అడ్డం పెట్టుకునే ఆమె, లేచి మాట్లాడింది. "మా పళ్లు అయిపోయాయి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఇంకా అవలేదు" అని అంతే అన్నది. ఎనిమిదేళ్ల లోపు బిడ్డలకు, గర్భిణీ స్త్రీలకు అని వ్రాసుకున్నారు. ఒప్పుకోనివారు ఇద్దరు ముగ్గురు ఉన్నారు, ఇప్పటికీ ఒప్పుకోలేదు.

జూన్‌లో ట్యాంకు దించారు. ఖర్చులో కొంత దాత ఇచ్చాడు, పాత దాతే. ఆయనకు ఫోను చేసి మన బోరు నీళ్లు పనికిరావని చెప్పడానికి నాకు మూడు రోజులు ధైర్యము చాలలేదు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "పరీక్ష చేయించారా ఆనాడు?" అని అడిగాడు. లేదన్నాను. ఇంకేమీ అడగలేదు. జూలైలో వెళ్లినప్పుడు రంగు డబ్బా, కుంచె నేనే పట్టుకొని వెళ్లాను. పంపుకు ఎర్రరంగు వేసి, పలక ప్రక్కన 'ఈ నీరు త్రాగరాదు' అని వ్రాశాను. 'త్రా' క్రింద వత్తు అలుక్కుపోయిందని చిన్నవాడొకడు చెబితే తుడిచి మళ్లీ వ్రాశాను. పలక తీసివేద్దామా అని పెద్దలు అడిగారు. ఉండనివ్వమన్నాను.

బడి ముందు వానమాపకము పెట్టారు. నిట్టనిలువుగా ఉండే ప్లాస్టిక్ సీసా పైభాగము కోసి, దానినే తలక్రిందులుగా గరాటులాగ పెట్టి, ప్రక్కన స్కేలు కట్టారు. ప్రతి ఉదయము ప్రార్థన గంట కొట్టేముందు ఒకరు చదివి వ్రాయాలి. అక్టోబరులో ముసురు పట్టిన రోజులలో ఒక ఉదయము టీచరమ్మ ఫోనులో నుండి ఆ ముక్కు చీదుకునే పిల్లవాడు మాట్లాడాడు. ఇప్పుడు నాలుగో తరగతి. "అయ్యగారూ, ముప్ఫై ఎనిమిది మిల్లీమీటర్లు! కప్పుమీద మట్టి పోవాలని మొదటి నీళ్లు వదిలేశాము, అవి లెక్కలోకి రావు" అన్నాడు. ట్యాంకు ఎంత నిండింది అంటే, కర్ర పెట్టి చూచి చెబుతానని పరుగెత్తాడు. ఫోను పట్టుకొని ఉన్నాను. వాన చప్పుడు, పిల్లల అరుపులు వినబడ్డాయి.

అవ్వ ఏమి త్రాగుతోంది అని టీచరమ్మను అడిగాను. ఆ ఎర్ర బోరింగు నీళ్లేనట. ఎవరు చెప్పినా వినదట. ఈ వయసులో నాకెందుకు, నా వంతు మనవడికి పోయండి అంటోందట. క్రిస్మసుకు వెళ్లినప్పుడు నేను మాట్లాడతానని చెప్పాను. కర్రతో కొలవడానికి పోయిన పిల్లవాడు ఇంకా రాలేదు.